నడిమి మిద్దె

గుంటూరు, బ్రాడీపేట
5 డిసెంబరు 1999

ఏమే సిద్దికా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైందని సణుక్కోకు. ఇన్నాళ్లూ నేను నడుస్తున్నాను. నిజంగానే. ట్రెయినింగు కాలేజీలో ఉన్నప్పుడు, హాస్టలు నుంచి క్లాసుకు పోవడానికి కూడా రిక్షా పిలవమని నీ ప్రాణం తీసిన కాత్యాయని ఇప్పుడు తెల్లారేసరికి బూట్లు వేసుకుని వీధిలో ఉంటోంది. షుగరు వచ్చిందని డాక్టరు నడవమన్నాడు. ఊరికే నడవమంటే నా వల్ల అవుతుందా? ఎక్కడికి, ఎందుకు అని అడిగే కాళ్లు నావి. అందుకని వాటికో పని పెట్టాను. రోజుకో పాత ఇల్లు చూసి రావాలి.

ఇక పిచ్చి పట్టిందనుకో. ఇన్నేళ్లుగా ఈ లైన్లలోనే తిరుగుతూ ఒక్క ఇంటినీ తలెత్తి చూసిన పాపాన పోలేదు. మా పక్క లైనులోనే ఒక డాబా ఇల్లుంది. కిటికీల పైన అర్ధచంద్రంలా రంగుటద్దాలు. పొద్దుటెండ పడితే వరండా గచ్చంతా ఎరుపూ పసుపూ అవుతుంది. ఆ రంగుల్లో కూర్చుని ఆ ఇంటాయన పేపరు చదువుతుంటాడు, ఏం పట్టనట్టు! పాతగుంటూరులో ఒక పెంకుటిల్లుంది. ద్వారబంధం నిండా చిలకలు చెక్కారు. కింది చిలక ముక్కు నున్నగా అరిగిపోయింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరూ దాన్ని పట్టుకునే గడప దాటడం నేర్చారట.

ఇప్పుడు ఆదివారాలు మాదొక చిన్న దండు. మా స్కూలు టీచర్లు కొందరు, మా వీధి హోమియో డాక్టరమ్మ, రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన నాగేంద్రబాబు గారు. ఆయన దగ్గర ఒక కెమెరా, ఒక చేతికర్ర ఉంటాయి. కర్రతో గోడ మీద తట్టి, చెవి పెట్టి విని, "సున్నం గచ్చు. ఇంకో వందేళ్లు ఢోకా లేదు" అంటారు. ఆయన మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

మొన్న లాలాపేటలో ఒకావిడ మమ్మల్ని చూసి బయటికొచ్చింది. "ఏంటండీ అట్టా చూస్తన్నారు? ఇల్లు అమ్మటానికి లేదు, అద్దెకూ లేదు" అంది. "మీ అరుగు చూస్తున్నామండీ, ఎంత బాగుందో" అన్నాను. "బాగుంటే మీరూ కట్టుకోండి" అని తలుపేసింది. మేం సందు మలుపు తిరిగేలోపు కూతుర్ని పరిగెత్తించి వెనక్కి పిలిపించి, అదే అరుగు మీద కూర్చోబెట్టి కాఫీలిచ్చింది. మా ఊరివాళ్ల కోపం ఎంతసేపులే!

సరే, మీ పొదిలిలో చూడ్డానికి ఏమైనా ఉందా, బస్టాండూ దుమ్మూ తప్ప?

నీ
కాత్యాయని

* * *

పొదిలి
19 డిసెంబరు 1999

బూట్ల కాత్యాయనికి,

దుమ్ములోంచి రాస్తున్నాను. రోజా ఉన్నాను కాబట్టి నీ లాలాపేట కాఫీ చదివి ఉసూరుమన్నాను. ఇలాంటివి రంజాను నెలలో రాయకూడదని తెలీదూ?

మా ఊళ్లో ఏముందని అడుగుతావా? నువ్వు మా ఇల్లెప్పుడు చూశావు గనక? పెళ్లికి రమ్మంటే కనిగిరిలో మా పుట్టింటికొచ్చి, బిర్యానీ తిని, బస్సుకు టైమైందని పరిగెత్తావు. మాది మూడు మిద్దెల ఇల్లు తల్లీ. మా మామగారి తాత కట్టించాడు. మా వీధి మొత్తంలో అంత ఇల్లు లేదు. బస్టాండులో దిగి, మూడు మిద్దెల ఇల్లు అంటే చాలు, రిక్షా అతను నేరుగా మా గుమ్మం ముందు దించుతాడు.

ఇంట్లో ఉండేది నలుగురం. అత్త అమీర్‌బీ, బావగారు మీరావలి, మా ఆయన హయాత్, నేను. అత్త నోరు విప్పితే వీధి చివరిదాకా వినిపిస్తుంది. బావగారికి పొగాకు బేళ్ల వ్యాపారం. పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోయే మనిషి, అందుకే ఒంటరిగా మిగిలారు. ఇంటికి పెద్ద ఆయనే. మా ఆయన సంగతి నీకు తెలిసిందే. సైకిలు షాపులో ఎన్ని మాటలు ఖర్చవుతాయో గానీ ఇంటికొచ్చేసరికి ఒక్కటీ మిగలదు. అన్నింటికీ తలూపుతాడు.

నీ దండునంతా తీసుకుని రా. ఆ కర్ర ఇంజనీరు గారిని తప్పకుండా తీసుకురా. ఉగాది లోపల రావాలి. ఎందుకని అడక్కు.

నీ
సిద్దికా

* * *

గుంటూరు, బ్రాడీపేట
9 జనవరి 2000

మూడు మిద్దెల మహారాణీ,

నిన్న పండగ బాగా జరిగిందా? సేమ్యా నాకు పోస్టులో పంపే ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు కదా!

మూడు మిద్దెలా! అంతటి ఇంట్లో కాపురం చేస్తూ ఇన్నేళ్లలో ఒక్క ఉత్తరంలోనూ రాయలేదేం? ట్యూషను పిల్లలూ, ఎక్కాలూ, లెక్కలూ తప్ప నీకు లోకం లేదు. నేనైతే ప్రతి ఉత్తరం పైనా బొమ్మ గీసి పంపేదాన్ని. నాగేంద్రబాబు గారికి చెబితే నమ్మలేదు. "పొదిలిలోనా? మెట్టప్రాంతంలో, నూరేళ్ల కిందట మూడు మిద్దెలా? పునాది ఏం వేశారో అడగండి" అన్నారు. మా స్కూలు నోటీసు బోర్డు మీద రంగు సుద్దలతో రాసేశాను, మార్చిలో పొదిలి ప్రయాణం అని. చూస్తుండగానే మినీబస్సు నిండింది.

మెట్ల సంగతి రాయి. లోపలి మెట్లా, బయటివా? నా మోకాళ్ల గురించి అడుగుతున్నాను. పై మిద్దె ఎక్కితే ఎంతదూరం కనిపిస్తుంది?

ఉగాది లోపలే ఎందుకో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు. తెలిసే చెప్పలేదు, దుర్మార్గురాలా.

నీ
కాత్యాయని

* * *

పొదిలి
30 జనవరి 2000

కాత్యాయనీ,

మెట్లు లేవు. నిచ్చెన. మూడింటికీ ఒక్కటే. ఒకసారి ఎక్కావంటే మూడు మిద్దెలూ తిరిగి రావచ్చు. పట్టుకోవడానికి నేనుంటాను, భయపడకు.

ఉగాది సంగతి దాచుదామనుకున్నాను. దాచితే నాకూ నిద్ర పట్టడం లేదు. నడిమి మిద్దె పడగొట్టాలని బావగారు నిశ్చయించారు. ఉగాది వెళ్లగానే పలుగు పెట్టిస్తారట. ఆ చోట స్లాబు వేస్తారట. వానాకాలం కారుతోంది, నిజమే. గిన్నెలు పెట్టుకుని కూర్చుంటాం. అయినా కాత్యాయనీ, అది నా గది. పెళ్లయి వచ్చిన రోజు అత్త నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది అక్కడే. మా వీధి ఆడపిల్లలందరికీ లెక్కలు చెప్పింది అక్కడే. టెన్తు తప్పిన పిల్లలు మళ్లీ కట్టి పాసై, మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చేదీ అక్కడికే. ఈ ఇంట్లో నాదంటూ నేను అనుకునేది అదొక్కటి. అది పోతుందంటే నాకు అన్నం సయించడం లేదు.

బావగారికి చెప్పి చూశాను. నేను అంత గట్టిగా మాట్లాడగలనని నాకే తెలీదు. ఆయన కోప్పడలేదు. "ఊరంతా స్లాబులేసుకున్నారమ్మా. మనమే ఇంకా మట్టి కింద ఉండాం. ఎవురన్నా వచ్చి చూసి, అబ్బ బాగుందే అన్నారా ఎప్పుడన్నా?" అన్నారు. "అంటారు. గుంటూరు నుంచి ఇంజనీరును పిలిపిస్తాను, ఆయన అంటాడు" అన్నాను. నోరు జారింది. అత్త వెంటనే అందుకుంది. "ఆ పెద్దమనిషి బాగుందంటే నువ్వు పలుగు ముట్టబాక. బాలేదంటే ఈ పిల్ల నోరెత్తదు. సరేనా?" అంది. బావగారు సరే అన్నారు. ఆయన మాటంటే మాటే, రెండు వైపులా.

అదీ సంగతి. ఇప్పుడు నా గది మీ ఇంజనీరు గారి నోట్లో ఉంది.

సిద్దికా

* * *

గుంటూరు, బ్రాడీపేట
10 ఫిబ్రవరి 2000

అయ్యో సిద్దికా,

నీ ఉత్తరం చదివి నా గుండె ఆగినంత పనైంది. మీ బావగారికి మతి ఉందా? నడిమి మిద్దె పడగొడితే పై మిద్దె ఏం కావాలి? గాల్లో వేలాడుతుందా? ఇంత చిన్న విషయం ఇంట్లో ఒక్కరికీ తట్టలేదా? లెక్కల టీచరువి, నీకైనా తట్టాలి కదా!

వెంటనే నాగేంద్రబాబు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "పైదాన్ని దించకుండా మధ్యలోది తీయడం నా సర్వీసులో చూడలేదండీ" అన్నారు. నిచ్చెన మాట విని ఇంకా బెదిరిపోయారు. మూడంతస్తులకీ ఒకటే నిచ్చెనంటే అది ఎంత పొడుగుండాలి అని కాగితం మీద లెక్క వేస్తూ కూర్చున్నారు. నేను అక్కణ్నుంచి లేచి వచ్చేసరికి కూడా ఇంకా వేస్తూనే ఉన్నారు.

కింది మిద్దెలో ఎవరు పడుకుంటారు? మీ అత్తగారేనా? ముందు ఆవిడ మంచం బయట వేయించు. హయాత్ గారిని ఈ ఒక్కసారికి తలూపొద్దని, అడ్డంగా ఊపమని చెప్పు.

మేం మార్చి అయిదు ఆదివారం వస్తున్నాం. నీ గది ఎలా పోతుందో నేనూ చూస్తాను.

కంగారుగా,
కాత్యాయని

* * *

పొదిలి
19 ఫిబ్రవరి 2000

కాత్యాయనీ,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. అత్తకు చదివి వినిపించాను. ఆమె నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. ఎందుకో వచ్చాక చెబుతాను. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మీ ఇంజనీరు గారికి కోపం ఎక్కువా? ఎండ పడుతుందా? ఇంత దూరం వచ్చిన మనిషి ఉట్టినే తిరిగి వెళ్లిపోయే రకమా?

ఫోను చేయకు. మాకు ఫోనొచ్చే, ఇటు పక్కింటి జక్రయ్య గారింట్లో అది పాడైంది. బాగైనా చేయకు. భోజనాలు ఇక్కడే, శాకాహారులకు అటు పక్కింటి అంకమ్మత్త విడిగా వండుతుంది. ఏమైనా సరే రావాలి. రాకుండా ఉండకు.

సిద్దికా

* * *

గుంటూరు, బ్రాడీపేట
9 మార్చి 2000

మూడు మిద్దెల మోసగత్తెకు,

నాలుగు రోజులైంది, నా మోకాళ్లు ఇంకా నా మాట వినడం లేదు. ఇప్పుడు కుదురుగా కూర్చుని నిన్ను తిట్టడానికి కలం పట్టాను.

మా ఊళ్లో మిద్దె అంటే మేడ. మూడు మిద్దెలంటే ఒకదాని మీద ఒకటి మూడంతస్తులు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అదే తెలుసు. మీ ఊళ్లో మిద్దె అంటే పైన మట్టి పరిచిన చదును కప్పు ఇల్లు అనీ, మూడు మిద్దెలంటే అలాంటివి పక్కపక్కన మూడు అనీ నాకెవరు చెప్పారు? నువ్వు చెప్పలేదు. నా ఉత్తరం చదవగానే నీకు తెలిసిపోయింది. ఫోను పాడైందట! మేం వచ్చినప్పుడు జక్రయ్య గారి ఫోను గణగణ మోగుతూనే ఉంది, విన్నాను.

మీ వీధిలో దిగిన క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. నాగేంద్రబాబు గారు కెమెరా తీసి, ఫోటోకి సరిపోయేంత వెనక్కి నడిచి, తలెత్తారు. పైన ఆకాశం ఉంది. "ఏదండీ?" అన్నారు. మీ బావగారు ఉతికిన తెల్ల లాల్చీ వేసుకుని, గుమ్మం ముందు నీళ్లు చల్లించి నిలబడి ఉన్నారు. "ఇదేనండి మూడు మిద్దెల ఇల్లు, రండి" అన్నారు ఎంతో మర్యాదగా. ఆ పెద్దమనిషి ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, "ఇదా? ఇంతదూరం తీసుకొచ్చింది మట్టికప్పు చూపించడానికా కాత్యాయని గారూ?" అన్నారు. అందరూ విన్నారు. మీ బావగారూ విన్నారు. ఆయన లాల్చీ చేతులు పైకి మడుచుకున్నారు.

నువ్వు చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని గుమ్మంలో ఉన్నావు. నవ్వు ఆపుకుంటున్నావనుకుని మండిపడుతూ వచ్చాను. దగ్గరికొస్తే నీ కళ్ల నిండా నీళ్లు. అప్పుడర్థమైంది నాకు, నీ గది పోయిందని. దాన్ని పోగొట్టింది నా నోటీసు బోర్డని. నిన్ను తిట్టాలని ఉందా, కావిలించుకుని ఏడవాలని ఉందా, తెలీలేదు. రెండూ చేయలేక చెప్పులు విప్పి లోపలికొచ్చాను.

లోపలికొచ్చాక ఏమైందో గమనించావా? ఆ ఎండలో మాడిపోయి వచ్చిన వాళ్లం, నీ నడిమి గదిలో అడుగు పెట్టేసరికి ఒంటి మీద చెమట ఆరిపోయింది. మా డాక్టరమ్మ ఫ్యాను కోసం పైకి చూసింది. ఫ్యాను ఆగి ఉంది. "కరెంటు పొద్దుట్నుంచీ లేదమ్మా" అని మీ అత్తగారు చెబితే ఎవరూ నమ్మలేదు. కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి కింద, నేల మీద పడిన వెలుగులో ఆవిడ చేట పెట్టుకుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. మా టీచర్లంతా చుట్టూ చేరి తామూ తీయడం మొదలుపెట్టారు. నాగేంద్రబాబు గారు మాత్రం కోపంగా గోడను కర్రతో తట్టి, మళ్లీ తట్టి, ఇంకో గోడ దగ్గరికి వెళ్లారు.

ఇక ఆ నిచ్చెన! కింద నుంచి నువ్వు తోయడం, పైనుంచి డాక్టరమ్మ లాగడం, మధ్యలో నేను దేవుళ్లందరినీ పిలవడం. ఎక్కాక చుట్టూ చూశాను. మీ మూడు మిద్దెలే కాదు, వీధి పొడుగునా కప్పులన్నీ ఒకదానికొకటి కలిసే ఉన్నాయి కదే! ఎర్రగా మిరపకాయలు ఆరబోసి, మధ్యలో మనిషి నడిచేంత దారి వదిలారు. ఇంటిమీంచి ఇంటి మీదికి నడిచి వీధంతా చుట్టి రావచ్చు. ఇన్నాళ్లూ ఇళ్లను కింద నుంచి చూశాను. ఇళ్ల మీద నడవడం ఇదే మొదటిసారి.

ఆత్రంగా పక్క మిద్దె మీదికి అడుగు వేయబోతే నా రెక్క పట్టుకుని ఆపావు. "గవాచి దగ్గర వంగి పేరు చెప్పాలి. చెప్పకుండా నడిస్తే దొంగ కిందే లెక్క" అన్నావు. సరేనని వంగి, "నేను కాత్యాయనినండీ, గుంటూరు నుంచి, మీ మీదుగా పోతున్నా!" అని అరిచాను. లోపల్నుంచి అంకమ్మగారు, "పో తల్లీ, మిరక్కాయలు తొక్కబాక!" అన్నారు. నా తర్వాత మా దండంతా ఒక్కొక్కరే వంగి, పేరు చెప్పి, దీవెన తీసుకుని దాటారు. చివర్న నాగేంద్రబాబు గారు వంగి, "నాగేంద్రబాబు, రిటైర్డ్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, రోడ్లు భవనాల శాఖ!" అన్నారు. "అంత పొడుగు పేరెందుకయ్యా, పోయిరా!" అంది అంకమ్మగారి గొంతు. ముందు నవ్వింది ఆయనే. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు.

మీ బావగారు మాత్రం పైకి రాలేదు. నిచ్చెన మొదట్లో నిలబడి మా గొంతులు వింటూ ఉండిపోయారు. బస్సెక్కేటప్పుడు ఆయన ముఖం చూశాను, ఏమీ అర్థం కాలేదు. తిరుగు ప్రయాణంలో అద్దంకి దాటాక నాగేంద్రబాబు గారు, "గోడలకేం రోగం లేదు కాత్యాయని గారూ. పైన చవుడు వేయక ఎన్నేళ్లయిందో" అని కిటికీ వైపు తిరిగారు. ఆ మాట అక్కడే అనుంటే ఆయన సొమ్మేం పోయేది!

మీ బావగారు ఏమన్నారు? వెంటనే రాయి. నీ మీద కోపం ఉత్తరంతో పాటే అయిపోయింది.

నీ
కాత్యాయని

* * *

పొదిలి
20 మార్చి 2000

కాత్యాయనీ,

తెలిసే చెప్పలేదు. చెబితే మీరు రారని భయం. నీ దండు ముందు నిన్ను తలొంచుకునేలా చేశాను. ఇందుకు నువ్వు నన్నెంత తిట్టినా పడతాను.

మీ బస్సు సందు తిరగగానే బావగారు లోపలికొచ్చి, "ఆ పెద్దమనిషి మట్టికప్పు అన్నాడమ్మా. విన్నావు గదా. మాట మాటే" అన్నారు. నేను తలూపాను. మా ఇంట్లో తలూపడం మా ఆయన వంతు, ఆ పూట నా వంతైంది. వంటింట్లోకి పోయి తనివితీరా ఏడ్చాను. మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను లేచేదాకా లేవలేదు.

మర్నాడు పొద్దున జక్రయ్య గారు వచ్చారు. గుమ్మంలోంచే మొదలుపెట్టారు. "ఏం మీరావలీ, నిన్న మీ చుట్టాలు ఒకరెనక ఒకరు గవాచిలోంచి పేర్లు చెప్తా ఉంటే, మా ఆవిడకి కళ్లల్లో నీళ్లు తిరిగినయ్. మా కప్పు మీద మనుషులు నడిచి ఎన్నాళ్లయిందయ్యా!" అన్నారు. జక్రయ్య గారు కాసేపు నసిగి, "మాదీ కారతా ఉంది. నువ్వు చవుడెయ్యటంలా, నేనొక్కణ్ని ఏస్తే మీ నీళ్లు నా గోడలోకే దిగుతయ్. ఏం జెయ్యను?" అన్నారు.

అంతే. బావగారు లేచి నిలబడ్డారు. "నువ్వు అడిగినావా?"

"నువ్వు అడిగినావా?"

"ట్రాక్టరు నీది గదా, ముందు నువ్వడగాల!"

"పెద్దిల్లు నీది గదా, పిలుపు నీ దగ్గర్నుంచి రావాల!"

వీధంతా గుమిగూడేదాకా ఇద్దరూ అరుచుకున్నారు. చివరికి అత్త చేట నేలకేసి కొట్టి, "నోళ్లు మూయండెహే! ఇద్దరూ అడగలా, అందుకే ఇద్దరిళ్లూ కారతన్నయ్" అంది.

నీకు చవుడు సంగతి చెప్పాలి. మిద్దె మీద ఏటా వానలకు ముందు కొత్త చవుడు మట్టి పరిచి తొక్కాలి. అప్పుడే నీళ్లు లోపలికి దిగవు. కప్పులన్నీ కలిసి ఉంటాయి గనక ఒక్కరు వేస్తే లాభం లేదు. పూర్వం ఒకే రోజు వీధంతా కలిసి ఒక చివర నుంచి మొదలుపెట్టేవారట. రెండు చివరలా స్లాబులు పడ్డాక ఆ పిలుపు ఆగిపోయింది. ఒకరినొకరు అడగడం నామోషీ అయింది. బావగారికి స్లాబు మీద మోజని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. సాయానికి రమ్మని ఒకరి గుమ్మం తొక్కలేక, పడగొట్టడమే సులువనుకున్నారు ఆ మనిషి.

అలాగని మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన సంగతి తెలిసిందేగా! నీ ఉత్తరం రాగానే, అద్దంకి దగ్గర ఇంజనీరు గారు అన్న మాట చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నారు. "మా గుమ్మంలో అన్న మాటకే నేను కట్టుబడతా. బస్సులో అన్నది లెక్కలోకి రాదు. ఆయన్నే వచ్చి దూలాలు చూసి చెప్పమను. అందాకా పలుగు ముట్టను" అన్నారు.

కాబట్టి తల్లీ, ఆ కర్రనూ ఆ మనిషినీ ఎలా పంపుతావో నీ ఇష్టం. నా గది ఇంకా నిలబడే ఉంది. ఈ ఉత్తరం అందులోనే కూర్చుని రాస్తున్నాను.

నీ
సిద్దికా

* * *

గుంటూరు, బ్రాడీపేట
14 మే 2000

సిద్దికా,

మా నాగేంద్రబాబు గారిని మీరేం చేశారే? ఉగాదికి ముందు దూలాలు చూసి పోదామని రెండు రోజుల కోసం వచ్చిన మనిషి నెల తిరక్కుండా మళ్లీ మీ ఊరు బయల్దేరారు. దూలం మార్పించాలట. మధ్య గదిలో ఒక దూలానికి మాత్రం చెద పట్టిందట, మిగతావన్నీ బంగారమట. వాళ్లావిడ నాకు ఫోను చేసి, "ఆ పొదిలిలో ఏముందండీ? ఎవరో మీరావలి అంట, రాత్రిపగలు ఆయన మాటే" అని కూపీ లాగింది. మట్టి ఉందండీ అన్నాను. నమ్మలేదు.

ఆదివారం నడక నా నెత్తిన వదిలేశారు. నా చేతిలో కర్ర లేదు కాబట్టి గోడల్ని అరచేత్తో తట్టి, "ఊఁ" అంటున్నాను. అందరూ నమ్ముతున్నారు.

ఆయన అక్కడే ఉండిపోయారు కాబట్టి నీ గది సంగతి వచ్చి చెప్పడానికి లేదు, నువ్వే రాయాలి. ఎదురుచూస్తూ గోళ్లు కొరికేసుకున్నాను.

కాత్యాయని

* * *

పొదిలి
12 జూన్ 2000

నా కాత్యాయనికి,

మీ ఇంజనీరు గారూ మా బావగారూ పదిరోజులు పోట్లాడుకున్నారు. దూలానికి వేప కర్ర కావాలని ఒకరు, తుమ్మ చాలని ఒకరు. ఒకరు టేపు పెట్టి కొలిస్తే ఇంకొకరు మూర వేసి కొలిచారు. చివరికి రెండూ సరిపోయాయి, ఇద్దరూ నేనే గెలిచానన్నారు. దూలం ఎక్కిన రోజున నాగేంద్రబాబు గారు గుమ్మంలోకి వెళ్లి, వీధి వైపు తిరిగి, "మీరావలి గారూ, ఇల్లు బాగుంది" అన్నారు. అత్త పిలవగా వచ్చి నిలబడ్డ పదిమందీ విన్నారు. బావగారు తలొంచుకుని, "సరేనండి" అన్నారు. అంతటితో మాట తీరిపోయింది.

చవుడు వేసిన రోజు నువ్వు ఉండాల్సింది. జక్రయ్య గారి ట్రాక్టరు తెల్లవారేసరికే రెండు లోడ్లు తెచ్చింది. ఎవరినీ పిలవకుండానే వీధంతా కప్పుల మీద ఉంది. మా ఆయన షాపు మూసి వచ్చి, తట్టలు అందిస్తూ గొంతెత్తి పాడాడు. వాళ్లమ్మే నిర్ఘాంతపోయింది. బావగారు పంచె ఎగ్గట్టి నిచ్చెన ఎక్కారు. ఎక్కి, నేరుగా జక్రయ్య గారి గవాచి దగ్గరికి నడిచి, వంగి, "మీరావలిని" అన్నారు. ఇంకేం చెప్పలేదు. లోపల్నుంచి జక్రయ్య గారి ఆవిడ, "నడువు నాయనా" అంది.

అయినా ఆయనకు నమ్మకం కుదరలేదు. మట్టి మట్టే గదా, వాన పడితే తెలుస్తుంది అంటూ వచ్చారు. నిన్న మధ్యాహ్నం మృగశిర వాన పట్టింది. మామూలు వాన కాదు, వీధిలో ఎదుటి ఇల్లు కనిపించలేదు. నేను పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. బావగారు వచ్చారు. నడిమి గదిలో, సరిగ్గా కొత్త దూలం కింద కుర్చీ వేసుకుని, గొడుగు విప్పి, నెత్తిన పట్టుకుని కూర్చున్నారు. ఇంట్లో! పిల్లలు పుస్తకాల్లో తలలు దూర్చి నవ్వుతున్నారు. నేను బోర్డు మీద వేస్తున్న లెక్క మూడుసార్లు తప్పింది. నా చెవులు కప్పు మీదే ఉన్నాయి. ఒక్క చుక్క పడితే చాలు, మళ్లీ మొదటికొస్తుంది.

వాన హోరు పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి బావగారు గొడుగు కాస్త పక్కకు జరిపి పైకి చూశారు. అరచెయ్యి చాచి చూసుకున్నారు. పొడిగా ఉంది. అప్పుడు గొడుగు ముడిచి, గోడకు ఆనించి, "సిద్దికా, పిల్లలు చదువుకుంటన్నారు గదా, నువ్వు లేవబాక. టీ నేను పెడతా" అని వంటింట్లోకి వెళ్లారు.

నీ
సిద్దికా